డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన పల్నాటి బాలబాలికలకు సున్నపురాయి క్రొత్త వస్తువు గాదు. మాచర్ల నాపరాళ్లు పరచిన అరుగులపై కూర్చుండి చదువుకొనుచున్నాము. పిడుగురాళ్ల బట్టీలలో కాలిన సున్నముతో గోడలకు వెల్ల వేసికొనుచున్నాము. అయితే ఆ రాతియందుండు కాల్షియ మనెడు ధాతువే మన యెముకలయందును గలదనియు, భాస్వరము దానికి తోడై యెముకకు గట్టిదనమును గలిగించుచున్నదనియు మనలో నెందరు తలపోసి యుందురు? పెద్దవాని దేహమునందలి కాల్షియము దాదాపు ఒక కిలోగ్రాము. అందులో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోనే యుండును. భాస్వరమునందు సయితము నూటికి ఎనుబదియైదు పాళ్లు అచ్చటనే యుండును. ఈ రెండును ఎముకను విడిచి నెత్తురులోనికి దిగజారిపోవు వ్యాధి యొకటి కలదు. ఆ వ్యాధిని కనుగొనుటకు వైద్యులకు సాయపడిన కొలత నొకదానిని లోకమున కొసగినవాడు మన తెలుగువాడే. ఆయన చరిత్రమును మా పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప నుద్దేశించి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. తండ్రిగారు అనారోగ్యముచే ఉద్యోగమును మానుకొనవలసి వచ్చుటతో ఇల్లు గడచుటయే కష్టమాయెను. బాలుడు చదువునందు మనసు నిలుపలేదు. పదుమూడేండ్ల ప్రాయమున ధనము సంపాదింపవలెనను కోరికతో ఇల్లు విడిచి, కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్ముకొని బ్రతుకుదునని బయలుదేరెను. వెంకమ్మగారు ఆతనిని వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టిరి. ఆ తల్లి తన నగలమ్మి కుమారునకు చదువు చెప్పించెనని చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదివి, తుదకు మద్రాసు హిందూ హైస్కూలునుండి మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవ పర్యాయమున గాని ఆయన కృతార్థుడు కాలేదు. పరీక్ష తప్పినంతనే తమ జీవితము ముగిసెనని కుమిలిపోవు మన బాలురు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురు గాక.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుచుండగా ఆయన మనసు సన్న్యాసమువైపు తిరిగెను. రామకృష్ణ మిషనులో చేరగోరిరి. తల్లి అందుకు సమ్మతింపలేదు. వైద్యము నేర్చి రోగుల కుపకరించుటయు దైవసేవయే యని పెద్దలు చెప్పగా, మద్రాసు వైద్య కళాశాలయందు ప్రవేశించిరి. చదువు సాగుటకు స్నేహితులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును సహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరి గారిని సుబ్బారావుగారు వివాహమాడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. విదేశవస్త్రములను విడిచి, శస్త్రచికిత్స నేర్చుకొను గదిలోనికి గూడ ఖద్దరు దుస్తులతోనే ఆయన పోవుచుండిరి. ఇది శస్త్రచికిత్సాచార్యులకు రుచింపలేదు. వ్రాసిన పరీక్షలలో చక్కగ కృతార్థులయ్యు, సుబ్బారావుగారికి ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగ దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో దేహనిర్మాణశాస్త్రము బోధించు పనిలో కుదురుకొనిరి.

ఆయన కుటుంబమును ఒక ఘోరవ్యాధి వెన్నాడుచుండెను. అది స్ప్రూ, మనవారు గ్రహణి యని చెప్పుకొను రోగమువంటిది. తిన్న ఆహారము ఒంటబట్టదు, నోరు పూయును, నెత్తురు పలుచనై మనిషి నానాటికి క్షీణించును. ఈ రోగముచే ఆయన సోదరులిరువురు కొలది దినముల యెడముననే మరణించిరి. ఆ పిమ్మట సుబ్బారావుగారికే ఆ వ్యాధి సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడిరి. తాను వైద్యుడై యుండియు తోబుట్టువులను కాపాడుకొనలేకపోతినను బాధయే ఆయనను పరిశోధనవైపు నడిపించెను. కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారి వాగ్దానమును, మామగారు కూడబెట్టిన ధనమును ఆధారముగ జేసికొని, 1920 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన అమెరికాలోని బోస్టను నగరమునకు ఓడనెక్కిరి. భార్యను పుట్టినింట విడిచి వెళ్లిరి. కొలదికాలములో తిరిగివత్తుననియే ఆయన తలంపు.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ఉష్ణదేశవ్యాధుల పాఠశాలలో డిప్లొమా పొందిరి. చేతిలో డబ్బులేదు. రాత్రులయందు ఆసుపత్రిలో చిన్న కొలువు చేసి, పగలు చదువు సాగించిరి. పిమ్మట హార్వర్డు వైద్య కళాశాలయందు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కేగారివద్ద పనిచేయ నారంభించిరి. ఫిస్కేగారు ఆయనకప్పగించిన పని నెత్తురునందును, మూత్రమునందును భాస్వరమెంత యున్నదో సులభముగను సరిగను కొలుచు మార్గమును కనుగొనుట. అంతకు పూర్వము కొన్ని పద్ధతులు లేకపోలేదు. అయితే వాని ఫలితములు నమ్మదగినంత నిలుకడగలవి కావు.

1925లో ఫిస్కే, సుబ్బారావుగార్లు ప్రకటించిన పద్ధతి వినుట కెంతో సులభము. నెత్తురునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన తేట ద్రవమునకు గంధకామ్లముతో కూడిన అమోనియము మాలిబ్డేటును చేర్చవలెను. భాస్వరము మాలిబ్డేటుతో కలియును. దానికి వారు ఎన్నికచేసిన మరియొక రసాయనమును కలిపినంతట నీలిరంగు పుట్టును. భాస్వరమెంత హెచ్చుగనున్న నీలిమ అంత చిక్కనగును. ఎంత భాస్వరమున్నదో ముందుగనే తెలిసిన ద్రవముయొక్క రంగుతో దీనిని పోల్చిచూచిన లెక్క తేలిపోవును. కొద్దిపాటి నెత్తురుతోనే పని ముగియును. రంగు శీఘ్రముగ పుట్టును, చెదరక నిలుచును. అనతికాలములోనే ఈ పద్ధతి నానాదేశముల ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చెను. ఫిస్కే, సుబ్బారావుల పేరులతోనే నేటికిని వైద్యవిద్యార్థులు దానిని చదువుచున్నారు.

రక్తములోని భాస్వరమును కొలిచిన మాత్రమున రోగికేమి లాభమని చదువరు లడుగవచ్చును. ఆ లాభమెట్టిదో తెలియుటకు మేము మొదట చెప్పిన యెముకల వ్యాధిని గూర్చి కొంత వివరింపవలసి యున్నది.

మన కంఠమునందు థైరాయిడ్ గ్రంథి వెనుకప్రక్కను నాలుగు చిన్న గ్రంథులుండును. ఒక్కొక్కటి బియ్యపుగింజకంటె కొంచెము పెద్దది. వీనిని పారాథైరాయిడ్ గ్రంథులందురు. ఇవి మొట్టమొదట కంటబడినది మనుష్యునియందు గాదు. లండను జంతుశాలలో చచ్చిన మన హిందూదేశపు ఖడ్గమృగమునందు. రిచర్డ్ ఓవెను గారు దానిని కోసి పరీక్షించి 1850లో వీనిని గూర్చి తెలియజేసిరి. మనుష్యునియందు వీనిని కనుగొని 1880లో వర్ణించినవాడు స్వీడను దేశపు విద్యార్థి ఐవార్ సాండ్‌స్ట్రోమ్. ఈ గ్రంథుల రసము నెత్తురులోని కాల్షియమును తగుపాటిలో నుంచును. నెత్తురులో కాల్షియము తగ్గినచో ఎముకనుండి తీసి నింపును. భాస్వరమును మూత్రపిండములద్వారా వెలికి పంపును. ధాన్యపుకొట్టుకు కాపరి యెట్లో దేహమునకు ఈ గ్రంథులట్లు.

కాపరియే కొట్టును దోచుకొన మొదలిడిన నేమగును? ఈ గ్రంథులలో నొకదానియందు కంతి పెరిగి, రసము మితిమీరి ఊరినపుడు జరుగునది యిదియే. ఎముకలోని సున్నము ఎడతెగక నెత్తురులోనికి పోవును. ఎముకను కొరికివేయు పెద్దకణములు అచ్చటచ్చట గుంపులుగూడి, ఎముకను తొలిచి గుల్లచేయును. ఆ గుల్లలయందు నారవంటి పదార్థమును, సన్నని రక్తనాళములును పెరుగును. ఆ నాళములు చిట్లి నెత్తురు కారి, నెత్తురులోని యినుము అచ్చటనే నిలిచిపోవును. అందువలన ఆ కంతి యినుపత్రుప్పు వన్నె దాల్చి గోధుమరంగుగ కనబడును. వైద్యులు దీనిని గోధుమరంగు కంతి యని పిలుచుట యీ కారణముచేతనే. దవడలయందును, ప్రక్కటెముకలయందును, కటియెముకలయందును, తొడయెముకలయందును ఇది పుట్టును. రోగి యెముకలు చిన్న తాకుడునకే విరుగును. కాల్షియము మూత్రపిండములలో రాళ్లుగ నిలుచును. కడుపునొప్పియు, దప్పియు, నీరసమును బాధించును. జర్మను పండితుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెను 1891లో ఇట్టి యెముకలను వర్ణించెను గాని వ్యాధికి మూలము కంఠములోనున్నదని ఆనాటి కెరుగడు.

మరియు కొందరు వైద్యులు తలక్రిందుగ తలచిరి. ఎముకలు చెడుటవలన గ్రంథులు పెరుగుచున్నవనియు, రోగికి ఆ గ్రంథుల రసము చాలకున్నదనియు వారి భావము. వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ అను శస్త్రవైద్యుడు ట్రాంబండి నడుపు సంస్థలోని యొక రోగికి మొదట ఆ గ్రంథులనే అమర్చి చూచెను, ప్రయోజనము లేకపోయెను. అంతట 1925లో కంఠమును తెరచి, అచ్చటనున్న కంతిని తీసివేసెను. రోగి లేచి నడచెను. కొన్నియేండ్లకు వ్యాధి మరల తలయెత్తినను, మూలమెక్కడనున్నదో ఆనాడు లోకమునకు తెలిసెను.

సుబ్బారావుగారు నివసించు బోస్టను నగరమునందే, ఆ సంవత్సరములయందే, ఈ వ్యాధిగల రోగి యొకడు వైద్యచరిత్రలో నిలిచిపోయెను. ఆయన ఛార్లెస్ మార్టెల్ అను నావికాధ్యక్షుడు. ఆరడుగులకు మించిన పొడగరి. ఎముకలు క్రుంగి ఏడంగుళముల పొడవు తగ్గిపోయెను. ఎముకలు పలుమారులు విరిగెను. 1926లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో చేరెను. ఆయన తిన్న కాల్షియము, భాస్వరములెంత, విసర్జించినవెంత యని అచ్చటి వైద్యులు ఓర్పుతో లెక్కగట్టిరి. ఆరు పర్యాయములు శస్త్రచికిత్స జరిగినను కంతి దొరకలేదు. మార్టెలుగారు నిరాశ చెందక, గ్రంథాలయమునకు బోయి తన వ్యాధిని గూర్చి స్వయముగ చదివి, ఎదలోపల వెదకుడని వైద్యులను పట్టుబట్టిరి. 1932 నవంబరులో ఏడవమారు రొమ్ముయెముక వెనుక వెదకగా కంతి బయటపడెను. అయితే అప్పటికే మూత్రపిండములు చెడియుండెను. రాతివలన కలిగిన ఉపద్రవముచే ఆయన కొలదివారములలోనే మరణించెను. తన దేహమునే పాఠ్యపుస్తకముగ పరచిన ఆ నావికునికి తరువాతి రోగులందరును ఋణపడియున్నారు.

ఇప్పుడు భాస్వరపు కొలత విలువ మనకు బోధపడును. ఒకరి దవడయందు వాపు కలిగినదనుకొందము. దానినుండి చిన్నముక్కను కోసి సూక్ష్మదర్శనితో చూచిన పెద్దకణములు కనబడును. ఎముకలోనే పుట్టెడు వేరొక కంతియందు సయితము ఇట్టి కణములే యుండును. చూపునకు రెండును ఒక్కటే. తొందరపడి దవడను కోసివేసినచో ముఖము వికారమగును. మూలము కంఠమునందే యుండుటచే వేరొక యెముకలో మరియొక కంతి లేచును. అదే నెత్తురును పరీక్షించిన యెడల, కాల్షియము హెచ్చియు భాస్వరము తగ్గియు కనబడును. ఆరోగ్యవంతుడైన పెద్దవాని నెత్తురులో నూరు మిల్లీలీటరులకు భాస్వరము సుమారు రెండున్నర మొదలు నాలుగున్నర మిల్లీగ్రాములుండును. అది తగ్గి నీలిరంగు పలుచనైనచో వైద్యుడు దవడను విడిచి కంఠమును పరీక్షించును. కంఠములోని చిన్నకంతిని తీసిన పిమ్మట ఎముకలోని గుల్లలు చాలవరకు తమంతట తామే పూడుకొనును. గోధుమరంగు కంతి క్యాన్సరు గాదు; అది దేహమంతట నున్న దోషమునకు ఒకచోట కనబడు గురుతు మాత్రమే.

మూత్రపిండములు చెడినవారియందును ఈ గ్రంథులు పెరిగి, ఎముకలను ఇట్లే తినివేయవచ్చును. అయితే వారికి భాస్వరము వెలికిపోవు దారి మూసికొనిపోవుటచే నెత్తురులో అది తగ్గుటకు మారుగ హెచ్చును. ఒకే వాపు, ఒకే వన్నె. కారణములు వేరు, చికిత్సలు వేరు. ఏ కారణమో చెప్పుటయందు భాస్వరపు కొలత ముఖ్యమైన సాక్షి. నేడు యంత్రములు ఆ కొలతను క్షణములలో చేయుచున్నవి. అయినను మాలిబ్డేటు భాస్వరముతో కలియుటయే వానిలో పెక్కింటికి ఆధారము.

మరల సుబ్బారావుగారి చరిత్రమునకు వత్తము. తమ పద్ధతితో కండలలోని భాస్వరమును కొలుచుచుండగా ఒక వింత కనబడెను. నీలిరంగు ఒక్కమారుగ పుట్టక, చూచుచుండగా మెల్లమెల్లగ చిక్కనగుచుండెను. మరియొకరైనచో పొరబాటని విడిచిపెట్టియుందురు. ఫిస్కే, సుబ్బారావుగార్లు విడువలేదు. భాస్వరమును తనలో దాచుకొని ఆమ్లము తగిలినంతనే విడుచు పదార్థమేదో కండలోనున్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను దానిని వెల్లడించిరి. ఇంగ్లండులో ఎగిల్‌టను దంపతులును అదే కాలమున ఈ జాడను కనిపెట్టిరి. పిమ్మట 1929లో, కండలకు శక్తినొసగు ఏ.టి.పి. అను పదార్థమును, జర్మనీలో లోమను గారివలెనే, బోస్టనులో వీరును వేరుచేసిరి. కండ ముడుచుకొనుటకు శక్తి యెచ్చటనుండి వచ్చుచున్నదను విషయమున పూర్వసిద్ధాంతము మారవలసి వచ్చెను.

1930లో హార్వర్డు సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము నొసగెను. అయినను శాశ్వతమైన ఆచార్యపదవి లభింపలేదు. ఆయన తన గొప్పను చాటుకొనువాడు గాడు. పదియేండ్లు నిరీక్షించి, 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులోనున్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిరి. అచ్చట పరిశోధనకు అధ్యక్షులై, అనేకులను ఒక్కచోట చేర్చి పనిచేయించిరి.

ఆ ప్రయోగశాలనుండి వెలువడిన ఫలితములు ఆశ్చర్యకరములు. 1945లో ఫోలిక్ ఆమ్లము నిర్మాణమును తెలిసికొని, దానిని కృత్రిమముగ తయారుచేసిన వార్త ప్రకటింపబడెను. ఇది నెత్తురు పలుచబడిన స్ప్రూ రోగులకు దివ్యౌషధమాయెను. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు లభించెను. సోదరులు మాత్రము లేరు. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగ పనిచేయు అమినోప్టెరినును కూడ ఆయన సహచరులు తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు దానిని రక్తపు క్యాన్సరు సోకిన పదునారుగురు పిల్లలకిచ్చి, పదుగురియందు కొంతకాలము గుణము కనబడినదని 1948లో ప్రకటించిరి. అంతకు ముందు ఆ వ్యాధిలో పిల్లలకు ఆశయే లేదు. దాని జాతిదే యైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునందును, కీళ్లవాపునందును వాడుకలో నున్నది. బోదకాలు పురుగులను చంపు హెట్రజాను మందు 1947లో వెలువడెను. ఆంధ్రదేశమున ఇంటింట ప్రభుత్వమువారు పంచిన బోదకాలు మాత్ర యిదియే. డుగ్గరుగారు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియాయెను.

ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే, ఏబదిమూడేండ్ల వయసున, పెర్ల్ రివరులో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు పరమపదించిరి. మాతృదేశమును మరల చూడలేదు. ఆయన వెళ్లిన పిమ్మట పుట్టిన కుమారుడు శిశుప్రాయముననే గతించెను. శేషగిరిగారు ఇరువది యేండ్లకు పైగ ఎదురుచూచిరి; భర్తను మరల కన్నులార గాంచలేదు. ఆయన కీర్తిని చెప్పునపుడు ఆ యిల్లాలి నిరీక్షణమును మరచుట న్యాయము గాదని మా యభిప్రాయము. లోకము పొందిన మేలునకు వెల చెల్లించినవారు ఇరువురు. భారత ప్రభుత్వము 1995లో ఆయన శతజయంతికి తపాలాబిళ్లను వెలువరించెను. శేషగిరిగారికి ఏ బిళ్లయు లేదు.

మా విద్యార్థులకు చెప్పవలసినది యొక్కటి. సుబ్బారావుగారు గొప్పవారైనది గొప్ప పనిని ఎన్నుకొనుటచే గాదు. చేతికప్పగింపబడిన చిన్నపనిని, అనగా ఒక గాజుగొట్టములో నీలిరంగు ఎంత చిక్కనగునో చూచుటను, కడముట్ట నమ్మకముగ చేసిరి. ఆ చిన్నపనియే దవడను కోసివేయబోవు కత్తిని ఆపుటకు వైద్యునికి ఆధారమాయెను; ఆ చిన్నపనియే కండయొక్క రహస్యమును తెలిపెను. మన పాఠశాలయందలి రసాయనశాలలో గొట్టములు పట్టుకొను బాలబాలికలు, రంగు తాము కోరినట్లు రాకపోయినపుడు దానిని పారబోయక, ఎందుకట్లు వచ్చెనో ఒక్కక్షణము ఆలోచింతురు గాక. ఎముకలయందు బాధయో, దవడయందు వాపో కలిగినవారు మన గ్రామములలో కనబడినపుడు, పసరుకట్లతో కాలము వెళ్లబుచ్చక, ఆసుపత్రికి పంపి నెత్తురును పరీక్ష చేయింపుడని తలిదండ్రులను మేము వేడుకొనుచున్నాము.